ఏడో మడి

పేరుకి రోబో అన్నారు గానీ, దాన్ని చూసి నోరెళ్ళబెట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. నాలుగు చక్రాలు, వీపు మీద ఎండతో కరెంటు చేసుకునే పలక, పొట్ట కింద ఒక స్టీలు గిన్నె. నడక చూస్తే, ఎవరో బతిమాలితే సరే పోనీలే అని కదిలినట్టుండేది. వచ్చిన కొత్తలోనే పరిశోధన క్షేత్రంలో అందరూ కలిసి దానికి తాబేలు అని పేరు పెట్టేశారు. పట్టుబట్టి తెప్పించిన పెద్దసారు మాత్రం కంపెనీవాళ్ళు పెట్టిన చాంతాడంత పేరుని గుక్క తిప్పుకోకుండా పలికేవాడు. పలికి పలికి ఆయనకీ విసుగొచ్చింది. ఇప్పుడాయనా తాబేలనే అంటాడు.

తాబేలు పని నేల ఊపిరి కొలవడం. నవ్వకండి, నేలకీ ఊపిరి ఉంటుంది. మట్టిలో కంటికి కనపడని జీవాలు కోట్లకొద్దీ ఉంటాయి. అవి తిని, అరిగించుకుని, వదిలే గాలి పైకి వస్తూనే ఉంటుంది. తాబేలు ఒక్కో మడి దగ్గరా ఆగి, గిన్నె నేల మీద బోర్లించి, ఆ గాలి ఎంత వేగంగా పోగవుతోందో కొలుచుకుని, గిన్నె ఎత్తుకుని ముందుకి పోతుంది. ఊపిరి ఎక్కువుంటే ఆ మట్టిలో జీవం ఎక్కువున్నట్టు. ఇదంతా మనుషులే చేస్తే నడుములు విరుగుతాయి సరే, అంతకంటే పెద్ద తంటా ఇంకోటుంది. మనిషి వదిలేదీ అదే గాలి. గిన్నె అంచు కింద పిసరంత సందున్నా చాలు, పక్కన నిలబడ్డవాడి ఊపిరి లోపలికి దూరి మట్టి ఖాతాలో పడిపోతుంది. అందుకే ఒక్కో మడి చుట్టూ పసుప్పచ్చ తాడు కట్టి, తాబేలు కొలుస్తున్నప్పుడు ఆ తాడు దాటొద్దని అందరికీ చెప్పి పెట్టారు.

తాబేలు రాక ముందు గిన్నెలు చేత్తో బోర్లించేవాళ్ళు. ఆ రోజుల్లో అందరికీ ఒక అలవాటు పట్టుకుంది, వంగేటప్పుడు ఊపిరి బిగబట్టి మొహం పక్కకి తిప్పుకోవడం. క్షేత్రంలో మట్టి మేడమ్ అని పిలిచే ఆమెకైతే ఆ అలవాటు ఒంట్లో ఇంకిపోయింది. ఆస్పత్రిలో భర్తకి ఆఖరి పూట, అతను ఏదో చెప్పబోయినట్టు పెదాలు కదిపితే ఆమె మంచం మీదికి వంగింది. వంగి, ఊపిరి బిగబట్టి, మొహం పక్కకి తిప్పుకుంది. తిప్పుకున్న సంగతి చాలా రోజుల తర్వాత, ఎక్కడో బస్సు కోసం నిలబడి ఉంటే గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఏమీ అనిపించలేదు. అసలు గొడవ అదే.

అతను పోయిన దగ్గర్నుంచీ ఆమెకి ఏదీ తగలడం లేదు. టీలో పంచదార వెయ్యడం మర్చిపోయినా తాగేస్తుంది, రెండుసార్లు వేసినా తాగేస్తుంది. ఎవరైనా వచ్చి ఓదారిస్తే పక్కింటి సంగతేదో వింటున్నట్టు తలూపుతుంది. తలుపు సందులో వేలు నలిగి గోరు నల్లబడితే, సాయంత్రం అత్తగారు చూపించేదాకా ఆమెకే తెలియలేదు. గుండె రాయి చేసుకుంది పిల్ల, అన్నారు చుట్టాలు. ఆవిడేం చేసుకుందండీ పాపం, దానంతటదే అయింది. రాయి చేసుకునేవాళ్ళకి కనీసం ఆ కష్టమన్నా తెలుస్తుంది కదా.

అతనూ మట్టి మనిషే. ఒకే ఆఫీసు, ఎదురెదురు బల్లలు. వరసలో ట్రాక్టర్ల షెడ్డుకి అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఏడో మడి అతనిది. రంపపు పొట్టు మాడ్చి చేసిన బొగ్గుపొడి, కుళ్ళిన ఆకు, ఇంకా తనకి తోచినవన్నీ ఒక లెక్కలో కలిపి ఆ మడిలో పోశాడు. చచ్చిన నేలని మళ్ళీ బతికించే మందు అదేనని అతని నమ్మకం.

"ఈ మట్టి లేచి కూర్చుంటుంది, చూస్తూ ఉండు" అనేవాడు.

"కూర్చున్నాక నాకో కేక వెయ్యి, దానికీ ఒక టీ పెడతాను" అనేది ఆమె.

మట్టి లేచి కూర్చుందో లేదో తెలియకుండానే, జ్వరమే కదా అనుకున్నది జ్వరం కాకుండా పోయి, అతను వెళ్ళిపోయాడు. తాబేలు ఆ తర్వాత వచ్చింది.

తాబేలు వచ్చీ రాగానే ఏడో మడి అందరి కళ్ళూ తనవైపు తిప్పేసుకుంది. పక్కనున్న ఆరో మడి, ఎనిమిదో మడి బుద్ధిగా ఒక తీరున ఊపిరి తీస్తుంటే, ఏడు మాత్రం మెట్లెక్కి వచ్చినవాడిలా రొప్పుతోంది. లెక్కలోంచి ఎండ వాటా తీసేసి చూశారు, తడి వాటా తీసేసి చూశారు, అయినా ఎక్కువే. పెద్దసారు కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు.

"వచ్చే వారం పైనుంచి పెద్దలు వస్తున్నారమ్మా. ఏడో మడి చూపిస్తాను. ఈ మిశ్రమానికి మీ ఆయన పేరే పెట్టిస్తాను. పుస్తకాల్లో ఉంటుంది, పిల్లలు చదువుకుంటారు. మనిషి లేకపోయినా పేరుంటుంది కదా" అన్నాడు. చెమర్చిన కళ్ళని కళ్ళజోడు తుడిచే మిషతో దాచుకున్నాడు. మంచివాడే.

ఆమె సరేనంది. సంతోషమంటూ ఏమీ కలగలేదు గానీ, రోజూ పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చోగానే ఆమె కళ్ళు ముందు ఏడు మీదికే వెళ్ళేవి. ముందు రోజు కొలత అక్కడుంటుంది. ఎక్కువగానే ఉంటుంది. అది చూశాక మిగతా రోజు గడిచిపోయేది. ఏడో మడి అలా ఊపిరి తీస్తున్నన్నాళ్ళూ అతను ఎక్కడో పనిలో ఉన్నట్టే, ఇంటికి రావడం ఆలస్యమైనట్టే ఉండేది. ఇది పిచ్చి అని ఆమెకి తెలుసు. తెలిస్తే మాత్రం ఏం, ఎవరికీ చెప్పలేదు కదా.

ఇక ఆమె మామగారు. ఆయన ఆ క్షేత్రంలోనే మెకానిక్. ట్రాక్టర్లూ మోటార్లూ బాగుచేస్తూ తల నెరిసినవాడు. తాబేలు వచ్చాక దాని చక్రాలూ బ్యాటరీ కూడా ఆయన నెత్తినే పడ్డాయి. అందరూ పెద్దాయన అంటారు. ఆయన నోరు మాత్రం మూతపడదు. కొడుకు పోయిన పదిహేను రోజులకే షెడ్డులో జోకులేస్తూ కనిపించాడు. ఇంట్లోనూ అంతే.

"అమ్మాయ్, మీ తాబేలు ఇవాళ గట్టు ఎక్కలేక చతికిలబడింది. నేనెళ్ళి వెనకనుంచి ఒక తోపు తోశాను. వయసులో ఉన్నదానికి ఈ వయసువాడు సాయం, ఏం కాలం వచ్చిందో చూడు" అనేవాడు భోజనాల దగ్గర.

అత్తగారు నవ్వనూ లేక ఊరుకోనూ లేక పళ్ళెంలోకి చూసేది. ఆమె చూపు మామగారి మీదికి వెళ్ళేది. ఈయనకి అప్పుడే తీరిపోయింది, అనుకునేది. కోపం వచ్చి ఉంటే బాగుండేది, అదీ రాలేదు. ఊరికే అనుకునేది, అంతే. తనకీ ఏడుపు రావడం లేదు, ఆయనకీ రావడం లేదు, ఇద్దరూ ఒకే రకం కాబోలు అని సరిపెట్టుకునేది.

ఇలా ఉండగా అత్తగారి కంటికి ఆపరేషన్ పడింది. మామగారు రెండు రోజులు సెలవు పెట్టి ఆవిడతో ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ రెండు రోజులూ ఏడో మడి పడిపోయింది.

"మేడమ్, ఏడు చూశారా?" అంది కంప్యూటరు అమ్మాయి. తాబేలు ఎక్కడ ఎప్పుడు ఆగాలో, ఎంతసేపు కొలవాలో రాసిపెట్టేది ఆ పిల్లే. "ఆరుకీ ఎనిమిదికీ ఏమాత్రం తేడా లేదు. గిన్నె గానీ పాడైందంటారా?"

గిన్నె పాడైతే అన్ని మళ్ళూ పడిపోవాలి. ఆమె ఆ మాట అనలేదు. మూడో రోజు మామగారు పనిలోకి వచ్చాడు, ఏడో మడి మళ్ళీ ఎగిరింది. కంప్యూటరు అమ్మాయి హమ్మయ్య అనుకుని వేరే పనిలో పడింది. ఆమె మాత్రం తెర ముందు అలాగే ఉండిపోయింది.

పాత కొలతలు వెనక్కి తిప్పి చూసి అడిగింది. "ఏడు దగ్గర కొలత ఏ వేళకి పెట్టావు?"

"మధ్యాహ్నం మేడమ్. బ్యాటరీ చల్లబడాలని తాబేలు అక్కడ ఆగుతుంది కదా, షెడ్డు పక్కనే కాబట్టి. ఎలాగూ ఆగుతోంది కదా అని కొలత కూడా అప్పుడే పెట్టేశాను."

"షెడ్డువాళ్ళకి చెప్పావా?"

"చెప్పాలా?" అంది ఆ పిల్ల. చెప్పకూడదని కాదు పాపం, చెప్పాలని తట్టలేదు. ఆఫీసువాళ్ళ లెక్కలో తాబేలు మధ్యాహ్నం కొలుస్తుంది. షెడ్డువాళ్ళ లెక్కలో అది ఆ వేళ కునుకు తీస్తుంది. మధ్యలో ఉన్నది నాలుగు అడుగుల బాట. ఆ బాట దాటి ఒక్క మాట వెళ్ళలేదు.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకి లేచాక ఆమె పొలంలోకి నడిచింది. పంపు గది గోడ వెనక ఆగింది. ఎండ కళ్ళలో పొడుస్తోంది. ఏడో మడి తాడు లోపల తాబేలు గిన్నె దించుకుని కదలకుండా ఉంది. దాని పక్కనే బకెట్టు బోర్లించి, దాని మీద మామగారు కూర్చుని ఉన్నాడు. మోచేతులు మోకాళ్ళ మీద పెట్టి, మట్టి మీదికి బాగా వంగి, మాట్లాడుతున్నాడు. గిన్నె అంచుకీ ఆయన మొహానికీ మధ్య జానెడు దూరం కూడా లేదు. బొగ్గూ ఆకూ కలిసిన మట్టి గడ్డలు గడ్డలుగా ఉంటుంది, గిన్నె ఎంత నొక్కినా అక్కడక్కడా సందులుంటాయి.

"మీ అమ్మకి కట్టు విప్పేశార్రా" అంటున్నాడు. "డాక్టరు వేళ్ళు చూపించి ఎన్ని అంటే, ముందు నీ చొక్కా బొత్తాం ఊడింది అది కుట్టించుకో నాయనా అంది. ఆసుపత్రంతా నవ్వు. నువ్వుంటే..." అక్కడ ఆగాడు. అరచేత్తో మొహం రుద్దుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఊపిరి పెద్దగా తీసి పెద్దగా వదిలాడు, ఒకసారి కాదు, చాలాసార్లు. చొక్కాతో ముక్కు తుడుచుకున్నాడు.

"మీ ఆవిడ సంగతేరా నాకు బెంగ. నవ్వదు. పోనీ ఏడవదు. ఎదురుగా కూర్చుని తింటుంది, ఏం తింటోందో దానికి తెలీదు. రోజూ ఏదో ఒక వెధవ జోకు వేస్తాను, కనీసం విసుక్కుంటుందేమోనని. విసుక్కోదు కూడా. భయంగా ఉందిరా."

ఆమె గోడకి ఆనుకుంది. గోడ కాలుతోంది. కాలుతున్నట్టు తెలిసింది. చాలా రోజులకి ఒళ్ళు ఒక సంగతి చెప్పింది, ఆమె దాన్ని అంతగా పట్టించుకోలేదు. ఆమె బుర్రలో తిరుగుతున్నది ఇంకో సంగతి. ఏడో మడి రొప్పు మట్టిది కాదు. ఈ ముసలాయనది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన మామూలుగానే తాబేలు మీద ఏదో అన్నాడు. ఆమె మధ్యాహ్నం చూసింది చెప్పబోయి, కంచం తీసుకుని లేచిపోయింది. చెప్పకపోతే ఏమవుతుంది? వారం తిరిగేసరికి పెద్దలొస్తారు, ఫొటోలు తీస్తారు, అతని పేరు పెడతారు. ఎవరో రైతులు నమ్మి ఆ బొగ్గుపొడీ ఆకూ తమ నేలలో పోసుకుంటారు, నేల లేవదు, అతని పేరు పెట్టి తిట్టుకుంటారు. చెప్తే ఏమవుతుంది? పేరు పోతుంది. పొద్దున్నే కళ్ళు వెళ్ళి ఆగే చోటు కూడా పోతుంది. అతను ఎక్కడో పనిలో ఉండడం పోతుంది. ఆమె పక్క మీద ఒత్తిగిలి, ఇటు తిరిగీ అటు తిరిగీ, చివరికి ఏ వైపూ తేల్చుకోకుండానే లేచింది.

తేల్చింది మధ్యాహ్నమే. తాబేలు ఇంకా ఐదో మడి దగ్గరుండగానే షెడ్డుకి వెళ్ళింది. మామగారు అప్పటికే బకెట్టు చేతిలో పట్టుకుని బయటికి వస్తున్నాడు.

"ఏమ్మా, ఎండలో వచ్చావు?"

"మావయ్యా, ఏడో మడి దగ్గర తాబేలు ఊరికే ఆగడం లేదు. కొలుస్తోంది."

ఆయన నవ్వబోయాడు. "లేదమ్మా, అది దాని విశ్రాంతి వేళ. గిన్నె బరువు మొయ్యలేక దించుకుంటుంది, అంతే."

"మొదటినుంచీ కొలుస్తోంది. మీకెవరూ చెప్పలేదు."

ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. బకెట్టు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అయితే నువ్వు నన్ను..."

"నిన్న చూశాను."

"విన్నావా?"

"విన్నాను."

తలొంచుకున్నాడు. తర్వాత, చాలా మెల్లిగా అడిగాడు. "అయితే ఆ ఊపిరి వాడి మట్టిది కాదా? నాదా?"

"మీరు ఆస్పత్రిలో ఉన్న రెండు రోజులూ పక్క మళ్ళలాగే ఉంది."

"ఆ రెండు రోజులూ మబ్బేసిందేమో."

"మబ్బు లేదు మావయ్యా."

ఆయన ఏడో మడి వైపు చూశాడు. ఆ తర్వాత ఆయన అన్న మాట ఆమె అనుకోలేదు. "పేరు పెట్టేదాకా కూర్చుంటానమ్మా. ఒక్క వారం. రోజూ వచ్చి కూర్చుంటాను, మాట్లాడకపోయినా ఊపిరి వదులుతాను. పేరు పెట్టేశాక ఇటువైపు తొంగి చూడను. ఎవరికి తెలుస్తుంది? నువ్వు చెప్పవు. నేను చస్తే చెప్పను."

బతిమాలుతున్నాడు. అన్నేళ్ళ కాపురంలో ఆ మనిషి ఆమెని ఏదీ అడిగి ఎరగడు. మంచినీళ్ళు కూడా తనే లేచి తెచ్చుకుంటాడు. ఆమెకి సరే అనాలనిపించింది. ఒక్క మాట, అంతే. సరే అంటే రేపు పొద్దున్న కూడా కళ్ళకి ఒక చోటు ఉంటుంది.

"మీ అబ్బాయి ఒప్పుకునేవాడా?" అంది.

ఐదో మడి నుంచి ఆరో మడికి వెళ్తున్న తాబేలు చక్రాల చప్పుడు వినిపించింది.

"ఒప్పుకోడు" అన్నాడు చివరికి. "చిన్నప్పుడు ఆటలో నేను కావాలని ఓడిపోతే కనిపెట్టేసేవాడు. కనిపెట్టి, ఏడ్చి, మళ్ళీ మొదటినుంచీ ఆడించేవాడు. మొండివెధవ."

"ఈ మొండితనం ఎవరి పోలికో" అంది ఆమె. అని తనే ఆశ్చర్యపోయింది. మామగారు కూడా ఆమె వంక చూశాడు, ఇంట్లోకి ఎవరో కొత్త మనిషి వచ్చినట్టు.

"పద" అన్నాడు. "మీ సారుకి నేనే చెప్తాను. తప్పు నాది."

"ఇద్దరం చెబుదాం. ముందు ఇవాళ్టి కొలత చూసి వెళ్దాం."

బకెట్టు షెడ్డులో పెట్టేశాడు. ఇద్దరూ షెడ్డు అవతల, తాడుకి చాలా దూరంగా, గాలి మడి వైపు కాకుండా ఇటు వీచే చోటు చూసుకుని నిలబడ్డారు. తాబేలు ఆరు ముగించుకుని, గట్టు మీద ఒక్క ఊపు ఊగి, ఏడులోకి దిగింది. ఆగింది. గిన్నె దించింది. దాని పక్కన ఎవరూ లేరు. ఆ మడిలో ఇప్పుడు ఉన్నదల్లా అతను కలిపిన మట్టి, అంతే.

ఏడు వైపు చూస్తుంటే ఆమెకి ఒక ఆశ పుట్టింది. పుట్టిందని తెలిసింది కూడా. ఆ రెండు రోజులూ ఏదైనా పొరపాటు జరిగి ఉండొచ్చు కదా, ఈ ముసలాయన ఊపిరి కొంచెమే అయి ఉండొచ్చు కదా, మిగతాది అతనిదే కావచ్చు కదా. కొలత అవగానే తాబేలు అంకె ఫోనుకి పంపుతుంది, ఆ ఫోను చేతిలో పట్టుకుని నిలబడింది. మామగారు ఫోను వంక చూడకుండా తాబేలునే చూస్తున్నాడు. గిన్నె లేచింది. ఫోను మోగింది.

"ఎంతమ్మా?"

ఆమె చూసింది. "మామూలే."

"మామూలే అంటే?"

"ఆరులాగే ఉంది. ఐదులాగే ఉంది." తెర మీద వేలు పెట్టి కిందికీ పైకీ జరిపింది. "ఏమీ తేడా లేదు మావయ్యా. ఏమీ లేదు."

మామగారు తలూపాడు. నోరు తెరిచాడు, జోకు కోసమో ఏమో, మూసేశాడు. ఆమె ఫోనుని అలాగే పట్టుకుని, అలాగే నిలబడింది. ఒళ్ళంతా కర్రలా ఉంది. మొహం ఎర్రబడుతోంది. ఆయన ఆమె వైపు తిరిగి, పరీక్షగా చూశాడు.

"అమ్మాయ్, ఊపిరి బిగబట్టావేమిటి?"

ఆ ఆఖరి మాట అన్న దగ్గర్నుంచీ బిగబట్టే ఉంది. ఆమెకే తెలీదు. మొహం కూడా మడి వైపు నుంచి పక్కకి తిప్పుకునే ఉంది.

"ఇంత దూరం నుంచి మన ఊపిరి దానికి తగలదమ్మా" అన్నాడు మామగారు. "వదిలెయ్యి."

వదిలింది. దాంతోపాటు ఆసుపత్రి మంచం, కదిలిన ఆ పెదాలు, తిప్పుకున్న మొహం, అన్నీ ఒక్కసారే వచ్చి పడ్డాయి. అతను పనిలో లేడు. ఆలస్యమూ కాలేదు. షెడ్డు గోడ పట్టుకుని కూలబడిపోయింది. అంత పెద్దగా ఏడవగలనని ఆమె ఎన్నడూ అనుకోలేదు. భోజనాల గదిలోంచి ఎవరో బయటికి వచ్చి, చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు.

"ఆయన చచ్చిపోయారు మావయ్యా" అంది.

"అవునమ్మా" అన్నాడు ఆయన, ఆమె పక్కనే నేల మీద కూర్చుంటూ. "చచ్చిపోయాడు."